రిజర్వాయర్‌లో ఆల్గే మోడల్: మొదటి ఏడాది కుదిరింది, రెండో ఏడాది ఎందుకు తప్పింది?

మీరు చెప్పిన పరిస్థితిని ముందు నా మాటల్లో పెడతాను. రిజర్వాయర్‌కు రెండేళ్ల డేటా ఉంది. నెలకోసారి పైనీటిలో తీసిన క్లోరోఫిల్-ఎ (ఆల్గే ఎంతుందో చెప్పే పచ్చరంగు పదార్థం), మొత్తం ఫాస్ఫరస్, ఫాస్ఫేట్, నైట్రేట్, వీటితో పాటు కొన్ని ఉష్ణోగ్రత ప్రొఫైళ్లు (లోతు వారీ కొలతలు). మోడల్‌లో డయాటమ్‌లు, ఆకుపచ్చ ఆల్గే, సయనోబాక్టీరియా అని మూడు గుంపులు, వాటిని తినే జూప్లాంక్టన్ (నీటిలో తేలే చిన్న జంతువులు) ఒకటి. 40 పారామీటర్లను ఆటో క్యాలిబ్రేషన్‌కు, అంటే కొలతలకు సరిపోయే విలువలను సాఫ్ట్‌వేరే వెతికే పద్ధతికి వదిలారు. మొదటి ఏడాది క్లోరోఫిల్‌కు నాష్-సట్‌క్లిఫ్ స్కోరు (మోడల్ కొలతలతో ఎంత కలిసిందో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 0.7 వచ్చింది. అవే విలువలతో రెండో ఏడాది నడిపితే సున్నా కిందికి పడిపోయింది, అంటే మోడల్ కన్నా ఆ ఏడాది సగటు విలువే నయం అన్నమాట. ఇప్పుడు ఏ పారామీటర్‌ను సరిచేయాలన్నది మీ ప్రశ్న.

ప్రస్తుతానికి ఏదీ కదపకండి. 12 కొలతలున్న ఏడాదికి 40 పారామీటర్లు వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ఏదో ఒక దారి వెతుక్కుని గీతను ఆ చుక్కల మీదుగా తీసుకెళ్తుంది. నీటిలో నిజంగా జరిగింది కూడా అదే అయి ఉండాలన్న పట్టింపు దానికి లేదు. రెండో ఏడాది వానలు, ఎండ, నీటిమట్టం మారేసరికి ఆ దారి పనికిరాకుండా పోయింది. మీరు తేల్చుకోవాల్సింది ఆల్గే ఎంత వేగంగా పెరుగుతోంది, ఎంత వేగంగా పోతోంది అన్న రెండు సంగతులు, విడివిడిగా. క్లోరోఫిల్ ఒక్కదాన్ని చూస్తూ కూర్చుంటే ఇది ఎప్పటికీ తేలదు.

ఎందుకు తేలదో చిన్న లెక్కతో చూద్దాం. ఆల్గే రోజుకు 1.2 రేటుతో పెరుగుతోంది, శ్వాసక్రియ, చావు, అడుగుకు దిగడం, జూప్లాంక్టన్ తినడం అన్నీ కలిపి 0.9 పోతోంది అనుకోండి. మిగిలేది 0.3. ఇంకో చోట 0.7తో పెరిగి 0.4 పోతోంది. అక్కడా మిగిలేది 0.3. రెండు చోట్లా ఆల్గే సుమారు 2.3 రోజులకు రెట్టింపవుతుంది, క్లోరోఫిల్ గ్రాఫులు ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ఇప్పుడు క్లోరోఫిల్ లీటరుకు 20 మైక్రోగ్రాములు, కార్బన్-క్లోరోఫిల్ నిష్పత్తి 40 అనుకుందాం. ఆల్గేలోని కార్బన్ లీటరుకు 0.8 మి.గ్రా. అవుతుంది. మొదటి చోట రోజుకు లీటరుకు 0.96 మి.గ్రా. కార్బన్ తయారవుతుంది, రెండో చోట 0.56 మి.గ్రా. కార్బన్‌ను ఆక్సిజన్‌లోకి మార్చడానికి 2.67తో గుణిస్తే మొదటి చోట సుమారు 2.6 మి.గ్రా., రెండో చోట 1.5 మి.గ్రా. తేడా లీటరుకు ఒక మిల్లీగ్రాము పైమాటే. మామూలు ఆక్సిజన్ సెన్సర్‌ను 15 నిమిషాలకోసారి రీడింగ్ తీసేలా కొన్ని వారాలు నీటిలో వేలాడదీస్తే, పగలూ రాత్రీ ఆక్సిజన్ ఎగిరిపడే తీరులో ఈ తేడా కనిపిస్తుంది. గాలికీ నీటికీ మధ్య జరిగే ఆక్సిజన్ మార్పిడిని లెక్కలోకి తీసుకోవాలి, నిజమే, అది మోడల్ ఎలాగూ చేస్తుంది.

ఇది ఊరికే థియరీ కోసం చెప్పడం లేదు. మొదటి చోట ఫాస్ఫరస్ రెండో చోట కన్నా దాదాపు రెట్టింపు వేగంతో చేతులు మారుతోంది. వచ్చే ఫాస్ఫరస్‌ను సగానికి తగ్గిస్తే ఏమవుతుందని రేపు ఎవరైనా అడిగితే రెండు మోడళ్లూ రెండు వేరు జవాబులు చెప్తాయి. చాలామంది మోడల్ కట్టేదే ఆ ప్రశ్న కోసం.

ఇక వరస సంగతి. ఎప్పుడైనా సరే నీటి లెక్క, ఆ తర్వాత ఉష్ణోగ్రత, ఆక్సిజన్, ఫాస్ఫరస్, ఆ తర్వాతే క్లోరోఫిల్, అన్నిటికన్నా చివర ఆల్గే గుంపులు. దీన్ని తలకిందులు చేస్తే కింది మెట్టులోని తప్పును పై మెట్టులోని పారామీటర్లు మోయాల్సి వస్తుంది. మీ ఆటో క్యాలిబ్రేషన్‌లో జరిగింది ఇదేనని నా అనుమానం. 2004లో అర్హోండిట్సిస్, బ్రెట్ 153 జలావరణ మోడళ్లను పరిశీలించినప్పుడు ఉష్ణోగ్రత, ఆక్సిజన్ చక్కగా కుదిరి, పోషకాల దగ్గరికి, ఆల్గే దగ్గరికి, జూప్లాంక్టన్ దగ్గరికి వచ్చేసరికి పొంతన తగ్గిపోవడం కనిపించింది. పైమెట్లు ఎలాగూ బలహీనమే కాబట్టి కింది మెట్లు గట్టిగా ఉండాలి.

నీటి లెక్క మీద ఎక్కువ చెప్పను. మోడల్ నీటిమట్టం కొలిచిన మట్టంతో కలవాలి, కలవకపోతే ముందుకు పోవద్దు. రిజర్వాయర్ అన్నారు కాబట్టి నీళ్లు ఏ తూము నుంచి, ఏ లోతు నుంచి వదులుతున్నారో రెండేళ్లకూ విడివిడిగా చూడండి. నీరు నిలిచే కాలం 5 రోజులకు దిగితే కొట్టుకుపోవడం ఒక్కటే రోజుకు 0.2 నష్టం. అది తెలియని మోడల్ ఆ నష్టాన్ని మరణాల రేటులోకి తోస్తుంది.

ఉష్ణోగ్రత దగ్గర మాత్రం ఎంతసేపు కూర్చున్నా తప్పు లేదు. ఆల్గేకు ఎంత వెలుతురు అందుతుందో చెప్పేది అక్కడి థర్మోక్లైన్ (పైనున్న వెచ్చని నీటికీ కింది చల్లని నీటికీ మధ్య హద్దు) లోతే. ఉదాహరణకు నీటిలో వెలుతురు తగ్గే గుణకం మీటరుకు 1.5 అనుకోండి. పైపొర 4 మీటర్ల లోతు దాకా కలుస్తుంటే ఆ పొరలో సగటు వెలుతురు ఉపరితలం మీద పడేదాంట్లో సుమారు 17 శాతం. అదే 9 మీటర్ల దాకా కలుస్తుంటే 7 శాతం. అంటే నీటిని ఒక్క చుక్క మార్చకుండా, కేవలం కలిసే లోతు తప్పు వేస్తే వెలుతురు రెండు రెట్లకు పైగా తప్పుతుంది. దాన్ని సరిపెట్టడానికి గరిష్ఠ పెరుగుదల రేటును ఎంత ఎత్తాలో ఊహించుకోండి. మొదటి ఏడాది థర్మోక్లైన్ ఎక్కడో తప్పు కూర్చుంటే, ఆ ఎత్తిన రేటు రెండో ఏడాదికి ఉరితాడు అవుతుంది.

ఈ తప్పు ఎక్కువగా గాలి నుంచి వస్తుంది. గాలి నీటికి ఇచ్చే శక్తి వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. దూరంలో ఉన్న వాతావరణ కేంద్రం చూపే గాలి కన్నా మీ నీటి మీద 20 శాతం తక్కువ వీస్తే, అందే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. సీఈ-క్వాల్-డబ్ల్యూ2 లాంటి మోడళ్లలో గాలి మరుగు గుణకం అని ఒకటి ఉండేది అందుకే. జీఎల్ఎం అనే సరస్సు మోడల్‌లోనూ గాలిని గుణించే అంకె ఉంది. ముందు దాన్ని, ఆ తర్వాత వెలుతురు తగ్గే గుణకాన్ని సరిచేయండి. సెక్కీ డిస్క్ (నీటిలోకి దించే పళ్లెం, అది కనిపించకుండా పోయే లోతును కొలుస్తారు) కొలతలు ఉంటే 1.7ను ఆ లోతుతో భాగిస్తే గుణకానికి పనికొచ్చే తొలి అంచనా దొరుకుతుంది. 1 మీటరు సెక్కీ అంటే 1.7, 2 మీటర్లు అంటే 0.85. బాగా బురదగా ఉండే నీటిలో ఈ సూత్రం అంత నమ్మకమైనది కాదు. ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. ఆల్గే పెరిగితే అదే వెలుతురును అడ్డుకుంటుంది, వేడి పైనే ఆగిపోతుంది. కాబట్టి క్లోరోఫిల్ పని అయ్యాక మళ్లీ ఒకసారి ఉష్ణోగ్రత దగ్గరికి వచ్చి చూడాలి.

ఇప్పుడు వచ్చే ఫాస్ఫరస్. రెండో ఏడాది తప్పడానికి ఎక్కువ అవకాశం ఉన్న చోటు ఇదేనని నేను అనుకుంటాను. రిజర్వాయర్‌లోకి వచ్చే నదిలో నెలకోసారి తీసిన సాంపిళ్ల మధ్య గీత గీసి లోడ్ (వచ్చి చేరే మొత్తం ఫాస్ఫరస్) లెక్కేశారా? ఏడాది ఫాస్ఫరస్‌లో పెద్ద వాటా నాలుగైదు వరదల్లోనే రావచ్చు, ఎందుకంటే అది మట్టికి అంటుకుని వస్తుంది. వరద రోజున సాంపిల్ పడకపోతే ఆ ఫాస్ఫరస్ మీ మోడల్‌లోకి రానే రాదు. మొదటి ఏడాది అనుకోకుండా ఒక సాంపిల్ వరద రోజున పడి, రెండో ఏడాది పడకపోతే, ఒకే నదికి రెండు వేరు కథలు తయారవుతాయి. ప్రవాహానికీ గాఢతకూ సంబంధం కట్టి, వరద ఎక్కేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు ఇంకోలా లోడ్ లెక్కేయండి. అలా వచ్చిన ఫాస్ఫరస్‌లో మట్టికి అంటుకున్నదంతా ఆల్గేకు వెంటనే దొరకదు. ఎంత దొరుకుతుందన్న అంకెను మోడల్ డిఫాల్ట్‌కు వదిలేయకండి.

అడుగు మట్టి ఇంకో దొంగ మార్గం. అడుగున ఆక్సిజన్ అయిపోతే ఇనుముతో ముడిపడిన ఫాస్ఫరస్ విడివడి పైకి వస్తుంది. మోర్టిమర్ 1940ల మొదట్లోనే ఇది చూపించారు. అమెరికాలోని షగావా సరస్సులో 1973లో మురుగునీటి శుద్ధి మొదలై బయటి నుంచి వచ్చే ఫాస్ఫరస్ బాగా తగ్గినా, ఎండాకాలంలో అడుగు నుంచి వచ్చేదే ఆల్గేను పోషించింది, సరస్సు అనుకున్న వేగంతో కోలుకోలేదు. అడుగు పొర నుంచి తీసిన నీటిలో ఫాస్ఫేట్ ఎండాకాలమంతా ఎలా పెరుగుతుందో మీ దగ్గర కొలతలు ఉంటే, విడుదల రేటును క్లోరోఫిల్ జోలికి పోకుండా దాన్నుంచే నేరుగా లెక్కగట్టవచ్చు. లేకపోతే వచ్చే ఎండాకాలం ఇంకేదీ కొలవకపోయినా ఇది కొలవండి. లోతైన ఒక్క చోట, మీటరు మీటరుకు, రెండు వారాలకోసారి చాలు.

అసలు క్లోరోఫిల్ కొలత గురించి కూడా నిలదీసి అడగాలి. మీ సాంపిల్ అర మీటరు లోతులోది, మోడల్ ఇచ్చేది ఒక పొర సగటు. మైక్రోసిస్టిస్ లాంటి సయనోబాక్టీరియా గాలి తిత్తులతో తేలి, గాలి లేని ఉదయం పైకి చేరి తెట్టు కడుతుంది. ఆ రోజు పైనీటి సాంపిల్ మొత్తం పొరకు ప్రతినిధి కాదు. మధ్యాహ్నం గాలి వీచి కలిపేస్తే అదే చోట అంకె ఎంతో పడిపోతుంది. సాంపిల్ తీసిన గంట, ఆ రోజు గాలి నోట్ చేసి ఉన్నాయేమో చూడండి, తెట్టు రోజుల కొలతలకు బరువు తగ్గించండి. ఫ్లోరోసెన్స్ సెన్సర్ (క్లోరోఫిల్ తిరిగి వెలువరించే వెలుగును కొలిచేది) పెట్టే ఆలోచన ఉంటే రాత్రి రీడింగులనే వాడండి. మిట్టమధ్యాహ్నం గట్టి ఎండలో ఆల్గే కాపాడుకునే క్రమంలో ఫ్లోరోసెన్స్ పడిపోతుంది, దాన్ని చూసి ఆల్గే తగ్గిందని మోడల్‌కు నేర్పితే కష్టం.

కార్బన్-క్లోరోఫిల్ నిష్పత్తి కూడా అంతే. చీకటి నీటిలో కణాలు క్లోరోఫిల్ ఎక్కువ నింపుకుంటాయి, నిష్పత్తి 25 దాకా దిగుతుంది. మంచి ఎండలో, పోషకాలు కరువైనప్పుడు 100 దాటుతుంది. లీటరుకు 30 మైక్రోగ్రాముల క్లోరోఫిల్ అంటే 0.75 మి.గ్రా. కార్బన్ కావచ్చు, 3 మి.గ్రా. కూడా కావచ్చు. మీ ఆటో క్యాలిబ్రేషన్ ఈ ఒక్క అంకెను తిప్పి ఎన్ని తప్పులైనా దాచేయగలదు. మైక్రోస్కోప్ లెక్కలు ఉంటే వాటిని కణాల సంఖ్యగా కాక ఘనపరిమాణంగా మార్చి, దాన్నుంచి కార్బన్ అంచనా వేసి నిష్పత్తిని బిగించండి. కణాల సంఖ్యను నమ్ముకోవద్దు. మైక్రోసిస్టిస్ కణం పదుల ఘన మైక్రాన్లు, పెద్ద డయాటమ్ కణం వేల ఘన మైక్రాన్లు.

ఇవన్నీ అయ్యాక పారామీటర్లు. 40లో మీ డేటా నిజంగా మాట్లాడగలిగేవి ఐదారు కన్నా ఎక్కువ ఉండవు. మోరిస్ పద్ధతితో ఒక సెన్సిటివిటీ పరీక్ష (ఒక్కో పారామీటర్‌ను కదిపి ఫలితం ఎంత మారుతుందో చూడడం) చేస్తే ఏవో తెలిసిపోతుంది. నా అంచనా ప్రకారం గరిష్ఠ పెరుగుదల రేటు, మొత్తం నష్టం రేటు, అడుగుకు దిగే వేగం, అడుగు నుంచి ఫాస్ఫరస్ విడుదల, కార్బన్-క్లోరోఫిల్ నిష్పత్తి, వెలుతురుకు సంబంధించి ఒకటి మిగులుతాయి. మిగతావన్నీ ప్రయోగశాల కొలతల నుంచి తీసుకుని కదలకుండా కట్టేయండి. ఉదాహరణకు ఫాస్ఫరస్ అర్ధ సంతృప్త స్థిరాంకాన్నే చూడండి, అంటే పెరుగుదల గరిష్ఠంలో సగం ఉండే ఫాస్ఫేట్ గాఢత. మీ నీటిలో ఫాస్ఫేట్ ఎప్పుడూ లీటరుకు 40 మైక్రోగ్రాముల దగ్గర ఉంటే, స్థిరాంకం 3 అయితే పెరుగుదల గరిష్ఠంలో 93 శాతం, 6 అయితే 87 శాతం. విలువ రెట్టింపు చేసినా తేడా అంతే. అలాంటిదాన్ని క్యాలిబ్రేట్ చేయడం అంటే గాలిలో మేడ కట్టడమే. ఫాస్ఫేట్ ఎప్పుడూ ల్యాబ్ పట్టగలిగే కనీస హద్దు దగ్గరే ఉండే నీటిలో కథ వేరు, అక్కడ ఆ స్థిరాంకమే నిర్ణాయకం, కానీ దాన్ని తేల్చే కొలత మీ దగ్గర ఉండదు. రెండు విధాలా ప్రయోగశాల విలువే గతి.

మూడు గుంపులు కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. నెలకోసారి తీసే మొత్తం క్లోరోఫిల్ మూడు గుంపుల గురించి ఏమీ చెప్పదు. గుంపులవారీ కొలతలు వచ్చేదాకా రెండుతో సరిపెట్టండి, తేలేవి ఒకటి, మునిగేవి ఒకటి. సయనోబాక్టీరియా అంతా గాలి నుంచి నైట్రోజన్ పట్టుకుంటుందని మోడల్ డిఫాల్ట్‌లో ఉందేమో తప్పకుండా చూడండి. మైక్రోసిస్టిస్‌కు ఆ శక్తి లేదు, డోలికోస్పెర్మమ్ లాంటి వాటికి ఉంది. మీ నీటిలో ఉన్నది మొదటిదైతే, ఎండాకాలం చివర నైట్రేట్ అయిపోయాక కూడా మోడల్‌లో ఆల్గే హాయిగా పెరుగుతూ పోతుంది.

జూప్లాంక్టన్ కొలతలు లేకుండా జూప్లాంక్టన్ సమీకరణం పెట్టడం నేను చేయను. కాలాన్ని బట్టి మారే నష్టం రేటు పెడితే చాలు. అలాగని దాని బలాన్ని తక్కువగా చూడడం లేదు. వాషింగ్టన్ సరస్సులోకి మురుగునీరు రావడం 1968కల్లా ఆపేశాక నీరు తేటపడింది. 1976లో డాఫ్నియా (ఆల్గేను తినే ఒక జూప్లాంక్టన్) విరివిగా పెరిగాక ఇంకా ఎంతో తేటపడింది. ఆ రెండో మార్పు ఫాస్ఫరస్ ఒక్కదాన్నే చూసే ఏ లెక్కలోనూ లేదు. మీ రెండో ఏడాదిలో వసంతకాలం చివర క్లోరోఫిల్ ఒక్కసారి పడి, ఫాస్ఫేట్ అదే సమయంలో పెరిగిందా? అలా అయితే తినేవాళ్లు వచ్చారన్న మాట, అప్పుడు వల వేసి లెక్కించక తప్పదు.

స్కోరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని టెన్షన్ పెడుతున్నది ఆ అంకే. నాలుగు వారాల కొలతలు 5, 5, 60, 5 అనుకోండి. ఒక మోడల్ బ్లూమ్‌ను (ఆల్గే ఒక్కసారిగా విపరీతంగా పెరగడాన్ని) సరిగ్గా అంతే ఎత్తున, వారం ముందు చూపించింది: 5, 60, 5, 5. దాని వర్గ సగటు మూల దోషం (తేడాల వర్గాల సగటుకు వర్గమూలం) 38.9. ఇంకో మోడల్ బ్లూమ్ అనేదే రాదని నాలుగు వారాలూ 5 చూపించింది. దాని దోషం 27.5. ఉపయోగపడే మోడల్ ఓడిపోయింది, చేతులెత్తేసిన మోడల్ గెలిచింది. ఆటో క్యాలిబ్రేషన్‌ను ఇలాంటి స్కోరుకు వదిలితే అది బ్లూమ్‌లను చదును చేసే విలువల వైపు పోతుంది. క్లోరోఫిల్‌ను లాగరిథమ్‌లోకి మార్చి పోల్చండి, దోషం కూడా నిష్పత్తిలోనే ఉంటుంది కాబట్టి అది న్యాయం. దానితో పాటు బ్లూమ్ ఏ వారం మొదలైంది, ఎంత ఎత్తుకు వెళ్లింది, మీకు ముఖ్యమైన హద్దు పైన ఎన్ని రోజులు ఉంది అన్న మూడింటినీ విడిగా లెక్కించండి. ఆక్సిజన్, ఫాస్ఫేట్ స్కోర్లను కూడా అదే బల్ల మీద పెట్టండి. క్లోరోఫిల్ 0.7 నుంచి 0.5కు తగ్గి ఫాస్ఫేట్ కుదిరిందంటే అది మెరుగుదలే.

రెండేళ్లలో ఒకదాన్ని క్యాలిబ్రేషన్‌కు, ఇంకోదాన్ని పరీక్షకు అని విడదీయడం బాగానే ఉంటుంది గానీ, రెండేళ్లూ వేరు స్వభావం అన్నారు కాబట్టి అటూ ఇటూ మార్చి చూడండి. రెండో ఏడాది మీద క్యాలిబ్రేట్ చేసి మొదటి ఏడాది మీద పరీక్షించండి. ఏ పారామీటర్ రెండుసార్లూ రెండు చివరలకు పరుగెడుతుందో దాని వెనుక ఒక ప్రక్రియ మోడల్‌లో లేదని అర్థం. నష్టం రేటు అలా పరుగెడితే జూప్లాంక్టన్‌నో, నీటి విడుదలనో అనుమానించండి. అడుగు నుంచి ఫాస్ఫరస్ విడుదల రేటు పరుగెడితే అడుగున ఆక్సిజన్ లెక్క చూడండి.

చివరికి ఒకే ఒక్క సెట్‌ను ఎంచుకోవద్దు. ఐదారు పారామీటర్లను వాటి హద్దుల్లో కొన్ని వేలసార్లు నడిపి, ఆక్సిజన్‌కు, ఫాస్ఫేట్‌కు, క్లోరోఫిల్‌కు మూడింటికీ ఆమోదించదగ్గవిగా ఉన్న సెట్లన్నీ దాచుకోండి. బెవెన్, బిన్లీ 1992లో జలశాస్త్రం కోసం ప్రతిపాదించిన దారి ఇదే, ఇక్కడా బాగా పనిచేస్తుంది. ఫాస్ఫరస్ తగ్గింపు ప్రశ్నను ఆ సెట్లన్నిటితో నడిపి, ఫలితాన్ని ఒక పరిధిగా చెప్పండి. పరిధి మరీ వెడల్పుగా వస్తే దాని కింది కొసకు, పై కొసకు ఉన్న సెట్లను పక్కపక్కన పెట్టి ఏ పారామీటర్‌లో తేడా ఉందో చూడండి. అది పెరుగుదల, నష్టాల జత అయితే ఆక్సిజన్ సెన్సర్, అడుగు విడుదల అయితే లోతు నీటి ఫాస్ఫేట్, దిగే వేగం అయితే అడుగున పెట్టే సెడిమెంట్ ట్రాప్ (కిందికి దిగేవాటిని పట్టే పాత్ర). వచ్చే సీజన్ బడ్జెట్‌లో ముందు దేనికి డబ్బు పెట్టాలో దాన్నిబట్టి తేల్చుకోవచ్చు.